శివరాత్రి నుంచి ఉగాది దాకా

పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో మొదలవుతుంది. మా తార్నాకలో ఉగాదికల్లా అయిపోతుంది. చైత్రం వచ్చేసరికి పొద్దున తొమ్మిదికే ఎండ నెత్తిన కూర్చుంటుంది, ఇక వసంతం ఎక్కడ? అందుకే చాలామంది హైదరాబాద్‌కి వసంతమే లేదంటారు. చలి పోతే ఎండలే అంటారు. నేను ఒప్పుకోను. ఉంది. శివరాత్రి నుంచి ఉగాది దాకా, నెల మీద ఒకటి రెండు రోజులు. అదీ తెల్లవారుజామున రెండు గంటలే. ఆ రెండు గంటలూ మంచం మీద ఉన్నవాళ్ళకి అది కనిపించదు. ఆరేడేళ్ళుగా ఆ నెల రోజులూ నేను బయటే ఉంటున్నాను, కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

నాకు నలభై ఆరేళ్ళు. బ్యాంకులో కౌంటర్ ఉద్యోగం. 2019లో రక్తపరీక్ష చేయిస్తే షుగర్ బార్డర్‌లో ఉంది, రోజూ నడవమన్నారు. నడక మొదలుపెట్టాను. ఒకరోజు కుక్క వెంటపడితే పరిగెత్తాను. కుక్క ఆగిపోయాక కూడా ఇంకో రెండు కరెంటు స్తంభాల దూరం పరిగెత్తాను, ఎందుకంటే బాగుంది. చిన్నప్పుడు నకిరేకల్ దగ్గర మా ఊళ్ళో చెరువు కట్ట మీద పరిగెత్తిన తర్వాత మళ్ళీ కాళ్ళు అలా లేవడం అదే మొదలు. మధ్యలో పాతికేళ్ళు పోయాయి.

ఇంటి నుంచి ఉస్మానియా క్యాంపస్ లోపలికి వెళ్ళి, ఆర్ట్స్ కాలేజీ దాకా పరిగెత్తి తిరిగి వస్తే నాకు సుమారు ఐదు కిలోమీటర్లు. ఐదుంపావుకి గేటు దాటుతాను. శివరాత్రి రోజుల్లో సూర్యోదయం ఆరున్నర దాటాకే, కాబట్టి వెళ్ళేటప్పుడంతా చీకటి, ఇంటికొచ్చేసరికి వెలుతురు మొదలవుతుంది. 'శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది' అని మా అమ్మ అనేది. నిజమే కానీ, పోతూ పోతూ అక్కడక్కడా కాసేపు ఆగుతుంది. క్యాంపస్‌లో రోడ్డు పల్లంలోకి దిగే చోట రాత్రి చల్లగాలి ఇంకా నిలిచే ఉంటుంది. పరిగెత్తుతూ ఆ పల్లంలోకి దిగగానే మోకాళ్ళ దాకా చల్లగా తగులుతుంది. పైకెక్కగానే మళ్ళీ గోరువెచ్చగా. చల్లని గాలి బరువుగా ఉంటుంది కాబట్టి పల్లాల్లోకి దిగి నిలుస్తుందని చదువుకున్నదే. కానీ అది పిక్కలకి తగిలితే తప్ప నాకు పాఠం అనిపించలేదు. కామునిపున్నమి, అంటే హోలీ, దాటాక ఆ చల్లదనం ఒక్కో రోజు ఒక్కో అడుగు తగ్గి, ఒకరోజు ఇక ఉండదు. ఆ రోజు నేను క్యాలెండర్ మీద చిన్న చుక్క పెడతాను.

కోయిల కూడా అప్పుడే మొదలవుతుంది. జనవరిలో నోరు విప్పని పిట్ట ఫిబ్రవరి చివర్లో ఐదింటికే అందుకుంటుంది. కూసేది మగది, నల్లగా ఉంటుంది. ఆడదానికి గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, అది కాకి గూట్లో గుడ్డు పెట్టే పనిలో ఉంటుంది. నాకు ఆయాసం వచ్చి ఊపిరి గొంతులో తగులుకున్నప్పుడు, ఆ కూత స్వరం పెంచుకుంటూ పోతుంటే, దానితో పాటు ఇంకో నాలుగు అడుగులు వేయగలనని అనిపిస్తుంది. వేస్తాను కూడా.

చెట్ల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. పరుగు మొదలుపెట్టక ముందు నాకు చెట్టు అంటే చెట్టే. ఇప్పుడు నా దారిలో కానుగలు ఎక్కడున్నాయో, రావి ఎక్కడో, బూరుగ ఎక్కడో కళ్ళు మూసుకొని చెప్పగలను. బూరుగు చెట్టు ముందు మొత్తం ఆకు రాల్చేసి, మోడు కొమ్మల నిండా ఎర్ర పూలు పెట్టుకుంటుంది. అరచేతిలో నిండే పువ్వు, దళసరి రేకులు. చీకట్లో దాని కింద నుంచి వెళ్తుంటే 'తప్' మని ఒకటి రాలుతుంది. మొదటిసారి ఉలిక్కిపడ్డాను. ఇప్పుడు ఆ చప్పుడు వినిపించకపోతే వెలితిగా ఉంటుంది. ఆకులు లేకపోవడం వల్ల పూలు దూరం నుంచే పిట్టలకి కనబడతాయి. వెలుతురు వచ్చేసరికి గోరింకలు, పిగిలిపిట్టలు ఆ చెట్టు మీద సంత పెట్టినట్టు ఉంటాయి.

కానుగది ఇంకో రకం. మార్చిలో రెండు వారాల్లోనే పాత ఆకు రాలడం, కొత్తది రావడం అయిపోతుంది. ఆ లేత ఆకుపచ్చ ఇంకెప్పుడూ కనబడదు. వీధి దీపం కింద చూస్తే ఆకు లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. ఒకసారి షూ లేసు ఊడితే కట్టుకోవడానికి వంగి, రోడ్డు పక్కన కొమ్మ ముఖానికి తగిలితే ఆగి చూశాను. కొత్త ఆకు మెత్తగా, కాస్త జిగురుగా, నూనె రాసినట్టు ఉంది. కొసన ఒక చిన్న పురుగు. దాని పక్క ఆకు రాత్రికి రాత్రే విచ్చుకున్నట్టుంది, మడతలు ఇంకా పోలేదు, ఇస్త్రీ చేయని జేబురుమాలులా. లేసు కట్టుకోవడానికి వంగిన దాన్ని ఐదు నిమిషాలు అక్కడే ఉండిపోయాను. నా వాచీ ఆ రోజు కిలోమీటరుకి పన్నెండు నిమిషాలు చూపించింది. చూపించనీ.

రావి లేతాకు రాగి రంగులో వస్తుంది. మెత్తని చిగురుని ఎండ నుంచి, పురుగుల నుంచి ఆ ఎరుపు కొంత కాపాడుతుందంటారు. నన్ను ఆశ్చర్యపరిచేది మాత్రం వేరే. ఇక్కడ వాన పడేది జూన్‌లో. ఈ చెట్లు కొత్తాకు పెట్టేది మార్చిలో, నేల ఎండిపోతున్నప్పుడు. చలికాలంలో ఆకు రాల్చి మిగుల్చుకున్న నీళ్ళతో, లోతు వేళ్ళు తోడుకున్న నీళ్ళతో, పగలు పొడుగవడాన్ని పట్టుకొని చిగురిస్తాయి. వాన వచ్చేసరికి ఆకు సిద్ధంగా ఉంటుంది. మన ఒళ్ళూ కొంత ఇలాంటిదే. రోజూ కాస్త కాస్త వేడిలో పరిగెత్తితే పది పద్నాలుగు రోజుల్లో ఒళ్ళు అలవాటు పడుతుంది. చెమట ముందే మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, గుండె దడ తగ్గుతుంది. అందుకే నేను మార్చి మధ్యలో పరుగు మానను, దూరం తగ్గిస్తాను. ఏప్రిల్‌లో ఒక్కసారిగా మొదలుపెట్టేవాళ్ళని చూస్తే భయమేస్తుంది.

శనివారాలు గుట్ట. మా వదిన, నేను మౌలాలి గుట్ట ఎక్కుతాం. ఇంటి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లే. ఐదు వందలకు కాస్త తక్కువ మెట్లు, పైన దర్గా. ఒకే బండ, పెద్ద బోర్లించిన గిన్నెలా. హైదరాబాద్ కింద ఉన్న ఈ రాయి వయసు 250 కోట్ల ఏళ్ళు. మెట్ల పక్కన ఒక చోట బండ ఉల్లిపొర లేచినట్టు లేచి ఉంటుంది. పైన పొర ఒక జానెడు మందం, దాని కింద వేలు పట్టేంత సందు. ఆరింటికి ఆ బండ మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా, కాస్త చెమ్మగా ఉంటుంది. సందులోకి వేళ్ళు పెడితే లోపల మాత్రం వెచ్చన. నిన్నటి ఎండ అది. ఒక శనివారం వదినతో, "చెయ్యి పెట్టి చూడండి వదినా" అన్నాను. పెట్టి, కాసేపు తియ్యలేదు. "పొయ్యి ఆర్పేసినంక గూట్లె ఉండే వేడి లెక్క ఉన్నది" అంది. వేల వేల ఏళ్ళు పగలు కాగి, రాత్రి చల్లారి, లోపలి ఒత్తిడికి పగిలి, ఇలా పొరలు పొరలుగా లేస్తుందట రాయి.

గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి ఉంది. 1824లో పోయింది. ఉర్దూలో కవిత్వం రాసింది, ఆడింది, పాడింది, గుర్రం ఎక్కింది, విల్లు పట్టింది, నిజాం వెంట వేటకి వెళ్ళింది. అక్కడ ముందు తన తల్లికి సమాధి కట్టించింది, తరవాత తనూ ఆ పక్కనే. అడిక్‌మెట్ ఆమె జాగీరు. అంటే నేను రోజూ పరిగెత్తే ఉస్మానియా నేల ఒకప్పుడు ఆమెది. అది తెలిసిన రోజు నాకు చాలా సంతోషం వేసింది. ఐదుంపావుకి చీకట్లో ఒంటరిగా వెళ్తుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు, "ఒక్కదానివే ఎందుకమ్మా" అంటారు. రెండు వందల ఏళ్ళ కిందట ఇదే నేల మీద గుర్రం మీద తిరిగిన ఆడమనిషి గుర్తొస్తుంది. తల దించుకోకుండా వెళ్ళిపోతాను. చేతిలో చిన్న టార్చి, మెడలో విజిల్ ఉంటాయి, అది వేరే సంగతి. జాగ్రత్త జాగ్రత్తే.

కామునిపున్నమి సంగతి ఇటు వాళ్ళకి చెప్పక్కర్లేదు. సరిగ్గా శివరాత్రికీ ఉగాదికీ నడుమ వస్తుంది. మా ఊళ్ళో ముందు రోజు పిల్లలందరం గుట్ట వెనక్కి వెళ్ళి మోదుగు పూలు ఏరుకొచ్చేవాళ్ళం. ఇత్తడి గంగాళంలో మరిగిస్తే నారింజ రంగు దిగేది. మోదుగు పువ్వు మొగ్గగా ఉన్నప్పుడు ముట్టుకుంటే వెల్వెట్ గుడ్డలా ఉంటుంది, ముచ్చిక నల్లగా. దాని ఆకుల్తోనే విస్తళ్ళు కుట్టేవాళ్ళు మా నాయనమ్మా వాళ్ళు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళు ఉన్నా మోదుగు చెట్టు చూడలేదనుకునేదాన్ని. చూడకపోవడం కాదు, బస్సులో కూర్చొని ఫోన్ చూసుకోవడం. భువనగిరి దారిలో రోడ్డుకి రెండు వైపులా అవే.

భువనగిరి కోట మాకు ఏడాదికొకసారి. ఇదీ ఒకే బండ. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే ఆ ఊరికి ఆ పేరు. పూర్ణ మలావత్ ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు బండలెక్కడం నేర్చుకున్నది ఈ గుట్ట మీదే. 2014 మే 25న శిఖరం చేరినప్పుడు ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు నిండలేదు. నిజామాబాద్ వైపు పాకాల అమ్మాయి, గురుకులం బళ్ళో చదువుకుంది. ఆ బండ మీద గొలుసు పట్టుకొని నిలబడినప్పుడల్లా ఆ పిల్ల కాళ్ళు ఇక్కడే మొదటిసారి వణికి ఉంటాయి కదా అనుకుంటాను. నా కాళ్ళు వణకడం తప్పు కాదనిపిస్తుంది.

మూడేళ్ళ కింద అక్కడే పొరపాటు చేశాను. మార్చి నెలాఖరు. బయలుదేరిందే ఆలస్యం. ఎక్కడం బాగానే ఎక్కాం, పైన గాలి హాయిగా ఉందని గంట కూర్చున్నాం. దిగేసరికి పన్నెండు. అరలీటరు సీసా ఎప్పుడో ఖాళీ. పై నుంచి ఎండ, కింద నుంచి బండ. సగం దిగాక చెమట ఆగిపోయింది, అదే నాకు ఇప్పటికీ గుర్తు. ఒళ్ళు పొడిగా అయిపోయి, మెట్లు రెండు రెండుగా కనిపించాయి. వదిన భుజం పట్టుకొని దింపింది. కింద నీళ్ళ సీసాలు, కీరదోసకాయ ముక్కలు అమ్మే ఒక అవ్వ నన్ను చూసి లేచి తన ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చింది. "గింత ఎండల గుట్ట ఎక్కుడేంది బిడ్డా? కూసో. మెల్లగ తాగు, గట గట తాగకు" అని మజ్జిగలో ఉప్పు వేసి చేతిలో పెట్టింది. తడిగుడ్డ మెడ మీద వేసింది. డబ్బులిస్తే కీరా ముక్కలకే తీసుకుంది. చెమట ఆగిపోయిందంటే ఒళ్ళు చల్లబరుచుకోవడం మానేసిందని అర్థం, నీడలో పడుకోబెట్టి తడిపి ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి అది. నాకు అంత దూరం పోకముందే ఆ అవ్వ దొరికింది. అప్పటి నుంచి గుట్ట అంటే ఎనిమిదిన్నరకి కింద ఉండాల్సిందే, మనిషికి రెండు లీటర్లు ఉండాల్సిందే. తరవాతి ఏడాది ఆమె కోసం చీర తీసుకెళ్ళాను. ఆ రోజు కనిపించలేదు. చీర ఇంకా బీరువాలోనే ఉంది.

సైకిల్ నాకు ఆలస్యంగా వచ్చింది. మా తమ్ముడు బెంగళూరు వెళ్తూ తన గేరు సైకిల్ మా ఇంట్లో వదిలేశాడు. దాని మీద మార్చిలో ఒక ఆదివారం గండిపేట చెరువు దాకా వెళ్ళడం నాకు పండగ. నాలుగున్నరకి బయలుదేరితే ట్యాంక్‌బండ్, లకడీకాపూల్, మెహిదీపట్నం, లంగర్‌హౌస్, ఇబ్రహీంబాగ్ మీదుగా ముప్పై కిలోమీటర్ల దాకా. ఊరంతా పడుకొని ఉంటుంది. పగలు రెండు గంటలు నిలబెట్టే సిగ్నళ్ళన్నీ పచ్చగా నాకోసమే వెలుగుతున్నట్టుంటాయి. తారామతి బారాదరి దాటాక గాలి మారుతుంది. బండి మీద వెళ్తే తెలియని వాసనలు సైకిల్ మీద ఒక్కోటి వస్తాయి. తడిసిన దుమ్ము, పేడ, ఎక్కడో కాఫీ గింజలు వేయించినట్టు ఎండుటాకు మంట, ఆ తర్వాత మామిడి తోట. పూత అయిపోయి పిందె పడుతున్న తోట వాసన కొంచెం పుల్లగా, కొంచెం జిగటగా ఉంటుంది. తొక్కడం ఆపి, సైకిల్ని దానంతటది పోనిస్తాను అక్కడ.

1908లో మూసీ వరద వేలమందిని మింగాక, అలాంటిది మళ్ళీ రాకూడదని కట్టిందే గండిపేట. 1920లో పూర్తయింది. మార్చిలో నీళ్ళు ఒడ్డు వదిలి లోపలికి పోయి, బురద మీద కొంగలు నడుస్తుంటాయి. కట్ట దగ్గర టీ తాగి, ఓపిక ఉంటే వెనక్కి నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ ఎక్కుతాను. 2023లో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు. పైన పలకలు కరెంటు చేస్తాయి, కింద మనకి నీడ. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి, ముఖ్యంగా లారీలంటే భయపడే ఆడవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదు. నా మనసు మాత్రం చెట్ల దారి మీదే. నీడ ఉంది, పిట్ట లేదు అక్కడ.

పోయినేడాది ఇబ్రహీంబాగ్ దాటాక వెనక చక్రం పంచరైంది. ఆరు కూడా కాలేదు, ఒక్క షాపూ తెరవలేదు. మా గల్లీ సైకిల్ షాపు తాత నాకు చలికాలంలో నేర్పించిన పని అప్పుడు చేశాను. చక్రం విప్పి, టైరు లేపి, ట్యూబ్ తీసి, గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకొని తిప్పాను. కంటి కింద సన్నగా గాలి తగిలిన చోట వేలు పెట్టాను. ఉప్పు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూశాను. ఇక్కడే ఆగాలి. "ఆరనియ్యాలె బిడ్డా. తడి మీద పెడితే అంటదు. వేలు పెట్టి చూడు, అంటుకోకుంటే అప్పుడు ప్యాచ్ పెట్టు" అనేవాడు తాత. ఆ ఐదు నిమిషాలు రోడ్డు పక్కన చింతచెట్టు కింద కూర్చున్నాను. తూర్పున గోల్కొండ కోట వెనక ఆకాశం తెల్లబడుతోంది. ప్యాచ్ అతికించాక టైరు లోపల వేలితో మెల్లగా తడిమితే తుమ్మముల్లు దొరికింది, గోరంత కూడా లేదు. అది తీయకుండా బిగిస్తే పది అడుగులకి మళ్ళీ అదే కథ. ఆ ముల్లుని ఇంటికి తెచ్చి తాతకి చూపించాను. చేతిలో పెట్టుకొని, "నువ్వు తీసినవా?" అని రెండుసార్లు అడిగాడు.

ఈ ఏడు కూడా పల్లంలో చలి పోయింది. క్యాలెండర్ మీద చుక్క పెట్టాను. వేప పూత మొదలైంది, పొద్దున పరుగులో జుట్టులో రాలుతోంది. కానుగ కింద నీడ చిక్కబడింది. సూర్యుడు ఇప్పుడు ఆరుంపావుకే వచ్చేస్తున్నాడు, అలారం నాలుగున్నరకి జరిపాను. రేపు శనివారం, ఈ సీజన్‌కి చివరి గుట్ట. వదిన ఇందాకే ఫోన్ చేసింది, మజ్జిగ రెండు సీసాలు ఫ్రిజ్‌లో పెట్టిందట, ఉప్పు పొట్లం వేరేగా కట్టిందట. నేను బీరువాలోంచి చీర తీసి బ్యాగులో పెట్టాను. రేపు మౌలాలి కాదు, భువనగిరికే వెళ్దామన్నాను. ఎండ ఎక్కకముందే ఎక్కి దిగి, కింద కాసేపు ఆగుదాం.